రెండు ప్రాసెసర్ల బోర్డుకు సొంత క్యాబినెట్: ముందు గాలి దారి, తర్వాతే రేకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో 12×13 అంగుళాల, రెండు సాకెట్ల (ప్రాసెసర్ కూర్చునే చోట్లు) సర్వర్ బోర్డు కొన్నారు. దాని మీదకు జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు రెండు, 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఒకటి. రాత్రంతా రెండరింగ్, అంటే బొమ్మలను లెక్కగట్టి తయారుచేసే పని, నడుస్తుంది. కూకట్‌పల్లిలో పై అంతస్తు గది, ఏసీ లేదు. రెండు ఫుల్ టవర్లు చూస్తే ఒకదాంట్లో బోర్డు పట్టలేదు, రెండోదాంట్లో పట్టింది కానీ బోల్టు రంధ్రాలు కలవలేదు. అందుకని అక్రిలిక్ షీట్లతో సొంత క్యాబినెట్ చేయించుకుందామని, కొలతలు, ఫ్యాన్లు చెప్పమని అడిగారు.

ఇలాంటివి నేను చాలానే చేశాను, కొన్ని పాడు కూడా చేశాను. అందుకే కొలతల కంటే ముందు ఒక మాట. బోర్డు చుట్టూ పెట్టె గీయకండి. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో ముందు గీయండి. ఆ దారిలో బోర్డు పెట్టండి. రేకు చివర్లో వస్తుంది. ఏసీ గదిలో కూర్చునేవాళ్ళు ఈ వరస తప్పినా నడిచిపోతుంది. మే నెలలో మన పై అంతస్తు గదిలో నడవదు.

లెక్క చూడండి. ప్రాసెసర్ ఒక్కోటి 120 వాట్లు, రెండూ కలిపి 240. కార్డు 200. మెమరీ, బోర్డు మీది కరెంటు సర్క్యూట్లు, డిస్కులు, ఎస్ఎంపీఎస్‌లో (కరెంటు సప్లై డబ్బాలో) వృథా అయ్యే వేడి కలిపి ఇంకో 100 వేసుకోండి. మొత్తం 540 వాట్లు. ఈ వేడిని మోసుకుపోవడానికి ఎంత గాలి కావాలో చెప్పే సూత్రం చిన్నదే: వాట్లను 1.76తో గుణించి, లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ ఎన్ని డిగ్రీల తేడా ఒప్పుకుంటారో దానితో భాగించండి. జవాబు సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఘనపు అడుగుల్లో వస్తుంది. 8 డిగ్రీల తేడా చాలనుకుంటే 119 సీఎఫ్ఎం. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి గాలి దాదాపు 6 శాతం పల్చన. దాన్ని కలిపితే 126.

ఫ్యాను డబ్బా మీద 60 సీఎఫ్ఎం అని ఉంటే రెండు ఫ్యాన్లు సరిపోతాయని అనుకోవద్దు. ఆ అంకె ముందు ఏ అడ్డూ లేనప్పటిది. ఫిల్టరు, జాలీ, వేడి లాగే హీట్‌సింక్ రెక్కలు, కేబుళ్ళు అడ్డం వచ్చాక నేను సగమే లెక్కలోకి తీసుకుంటాను. ఆ లెక్కన మీకు 120 మి.మీ. ఫ్యాన్లు నాలుగైదు కావాలి, లేదా 140 మి.మీ.వి ముందు మూడు, వెనక ఒకటో రెండో. నా ఓటు 140కే. అదే గాలిని తక్కువ స్పీడులో ఇస్తాయి, మీరు పడుకునే గదిలోనే మిషను ఉంటుందన్నారు కదా.

ఇక మీ ఫోటోలో నాకు కనిపించిన అసలు చిక్కు. మీ బోర్డు మీద రెండు సాకెట్లు ముందూ వెనకా ఒకే వరసలో ఉన్నాయి. అంటే ముందు ప్రాసెసర్ వదిలిన వేడి గాలినే వెనకది పీల్చుకుంటుంది. ఆ వరస గుండా 40 సీఎఫ్ఎం వెళ్తోందనుకుంటే, 120 వాట్ల వల్ల గాలి 5 డిగ్రీలకు పైనే వేడెక్కుతుంది. గది 38 డిగ్రీలుంటే ముందు ప్రాసెసర్‌కు 38లో గాలి అందుతుంది, వెనకదానికి 43 దాటాక. ప్రాసెసర్లు రెండూ ఒకటే కదా, ఒకటి ఎప్పుడూ ఎందుకు వేడిగా ఉంటోందని చాలామంది ప్రాసెసర్‌కూ కూలరుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చి మార్చి పూస్తుంటారు. పేస్టు తప్పేం లేదు, వాటి చోటు అలాంటిది.

దీనికి రెండు పనులు చేయండి. కూలర్ల (ప్రాసెసర్ల మీద కూర్చునే హీట్‌సింకుల) ఫ్యాన్లు రెండూ ముందు నుంచి వెనక్కి ఒకే దిశలో ఊదాలి. ఒకటి పైకి, ఒకటి వెనక్కి పెట్టారంటే అవి ఒకదాని గాలిని ఇంకోటి తోసేస్తూ ఉంటాయి. రెండోది, కూలర్ల పక్కన 30, 40 మి.మీ. ఖాళీ వదిలి, ముందు ఫ్యాను గాలిలో కొంత భాగం మొదటి కూలర్‌ను తాకకుండా నేరుగా వెనకదాని దగ్గరికి చేరేలా సన్నటి ప్లాస్టిక్ షీటుతో ఒక తొట్టి కట్టండి. సర్వర్లలో ప్లాస్టిక్ డక్టు ఉండేది ఈ పని కోసమే. మెమరీ స్లాట్లు కూడా గాలి దారికి సమాంతరంగా ఉన్నాయి చూడండి. బోర్డు చేసినవాళ్ళే గాలి ఎటు రావాలో అక్కడ గీసి ఇచ్చారు. సాకెట్ల పక్కనున్న కరెంటు సర్క్యూట్ల మీది హీట్‌సింకులు పొట్టివి. అవి సర్వర్ ఫ్యాన్ల హోరు గాలిని నమ్ముకుని పెట్టినవి. ప్రాసెసర్లకు లిక్విడ్ కూలింగ్ పెట్టి వీటికి గాలి మానేస్తే ముందు పోయేవి ఇవే.

కాబట్టి నా సలహా: టవరు వద్దు, బోర్డును పడుకోబెట్టండి. టవర్లో ఒక్కో కూలరు కిలో దాకా బరువుతో బోర్డు నుంచి అడ్డంగా వేలాడుతుంది. మీకు అలాంటివి రెండు, పైగా ఒక కార్డు. పడుకోబెడితే ఆ బరువంతా నేరుగా కిందికి దిగుతుంది, బోర్డు వంగదు, గాలి ముందు నుంచి వెనక్కి తిన్నగా పోతుంది. టేబుల్ కింద చక్రాల స్టాండు మీద పెట్టుకోవచ్చు.

కొలతలు లోపలివి చెప్తాను. వెడల్పు: బోర్డు 305 మి.మీ., పక్కన ఎస్ఎంపీఎస్ 150, మధ్యలోనూ అంచుల్లోనూ ఖాళీ కలిపి 480. ముందు గోడకు మూడు 140 ఫ్యాన్లు 420లో ఇమిడిపోతాయి. లోతు: బోర్డు 330, ఫ్యాను మందం 25, ఆ రెంటి మధ్య కేబుళ్ళకు 70. అది 425, మీరు 450 పెట్టుకోండి. ఎత్తు దగ్గరే జాగ్రత్త. 120 ఫ్యాను టవరు కూలర్లు సాధారణంగా 158 మి.మీ. దరిదాపుల్లో ఉంటాయి. ఆ కొలత ప్రాసెసర్ పైభాగం నుంచి. దాని కింద సాకెట్టు, ప్రాసెసర్ కలిపి సుమారు 8, బోర్డు మందం 1.6, స్టాండాఫ్ (బోర్డును కింది రేకు ట్రే నుంచి ఎత్తి పట్టే చిన్న ఇత్తడి కాలు) 6.5. మొత్తం 174. మూత కూలరుకు తగలకుండా 190 ఉంచండి. గ్రాఫిక్స్ కార్డుకు పైఅంచున పవర్ కేబుల్ గుచ్చాలంటే కూడా ఆ ఎత్తు కావాలి. ఈ లెక్కతోనే 4యూ రాక్ పెట్టె (సర్వర్లు పెట్టే స్టాండులో దూరే రకం) వద్దంటున్నాను. దాని బయటి ఎత్తే 178, రేకు మందం తీసేస్తే ఇలాంటి కూలరు మూతకు ఆనుకుంటుంది.

కూలర్ కొనే ముందు వెర్నియర్‌తో సాకెట్టు చుట్టూ ఉన్న బోల్టు రంధ్రాల దూరం కొలవండి. మీ ప్రాసెసర్ల సాకెట్టు రకమైన ఎల్‌జీఏ 2011-3లో రెండు రకాల బిగింపులున్నాయి: చతురస్రం అయితే 80×80 మి.మీ., సన్నది అయితే 56×94. ఒకదానికి చేసిన కూలరు ఇంకోదానికి కూర్చోదు. సర్వర్ బోర్డుల్లో సన్నది ఎక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ రెండో టవర్లో రంధ్రాలు ఎందుకు కలవలేదో చెప్తాను. మామూలు పీసీల్లో ఉండే ఏటీఎక్స్ సైజు బోర్డు 305×244, రంధ్రాల వరసకు కచ్చితమైన స్టాండర్డ్ ఉంది. 305×330 సైజులో మాత్రం రెండు పేర్లు తిరుగుతున్నాయి. ఎస్ఎస్ఐ ఈఈబీ అనేది సర్వర్ కంపెనీలు కూర్చుని రాసుకున్న స్పెసిఫికేషన్. ఈ-ఏటీఎక్స్ పేరును మాత్రం అమ్మేవాళ్ళు వదులుగా వాడతారు. 305×272 బోర్డుకూ అదే పేరు వేస్తారు. బయటి కొలతలు కలిసినంత మాత్రాన రంధ్రాలు కలవాలని లేదు. అందుకని ఇంటర్నెట్‌లో దొరికే డ్రాయింగును నమ్మి రేకు కోయించకండి. మీ బోర్డు మాన్యువల్లో రంధ్రాల కొలతలుంటే అవి తీసుకోండి, ఆ తర్వాత బోర్డు మీదే కొలిచి సరిచూసుకోండి.

ఇది నేను నేర్చుకున్న తీరు బాగా గుర్తుంది. మొదట్లో చేసిన ఒక పెట్టెలో ఏటీఎక్స్ ప్రకారం తొమ్మిది స్టాండాఫ్‌లు బిగించి, పెద్ద బోర్డుకు అదనంగా ఇంకొన్ని పెట్టాను. బోర్డు చక్కగా కూర్చుంది. స్విచ్చి నొక్కితే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయేది. రెండు రోజులు మెమరీ మార్చాను, ఎస్ఎంపీఎస్ మార్చాను. బోర్డు చచ్చిందని రాసుకుని, తిరిగి ప్యాక్ చేయడానికి బయటికి తీసినప్పుడు వెనక్కి తిప్పి చూశాను. రెండో సాకెట్టు వెనకున్న లోహపు ప్లేటు పక్కన, సోల్డరు చుక్కల మీద గుండ్రటి గీత పడి ఉంది, సరిగ్గా స్టాండాఫ్ తల సైజులో. ఏటీఎక్స్‌లో రంధ్రం ఉండే ఆ చోట ఈ బోర్డుకు రంధ్రమే లేదు. ఆ ఒక్క ఇత్తడి ముక్క విప్పేశాక మిషను లేచింది. నా అదృష్టం కొద్దీ ఏదీ కాలలేదు. అందుకే చెప్తున్నా: బోర్డులో ఎన్ని రంధ్రాలున్నాయో అన్నే స్టాండాఫ్‌లు ఉండాలి, బిగించే ముందు రెండూ లెక్కపెట్టండి.

ఇక అక్రిలిక్. ట్రే దేనితో చేసినా అక్రిలిక్‌తో మాత్రం వద్దు. బోల్టు దగ్గర పగులుతుంది, బరువు మీద నెలల తరబడి ఉంటే మెల్లగా వంగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఎర్తు అందించదు. అక్రిలిక్‌ను రెండు చోట్ల వాడండి: మూతలో కిటికీకి, నమూనా ట్రేకి. 3 మి.మీ. అక్రిలిక్‌లోనో ఎండీఎఫ్‌లోనో రంధ్రాల ప్లేటు ఒకటి ముందు కోయించి, బోర్డును దాని మీద పెట్టి, ప్రతి రంధ్రంలోంచి వెలుతురు గుండ్రంగా కనిపిస్తోందో లేదో చూడండి. ఒక్కటైనా చంద్రవంకలా కనిపిస్తే డ్రాయింగు సరిచేయండి. రాయదుర్గంలో 2023లో మొదలైన టి-వర్క్స్ ఇలాంటి నమూనాల పని కోసమే పెట్టిన చోటు, ఒకసారి అడిగి చూడండి.

అసలు పెట్టెకు 1.2 మి.మీ. సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ స్టీలు) రేకు చాలు. కొందరు అందంగా ఉంటుందని 2 మి.మీ. అల్యూమినియం అంటారు. బోర్డుతో వచ్చే ఐ/ఓ ప్లేటు (వెనక కేబుళ్ళు గుచ్చే పోర్టుల చుట్టూ ఉండేది) అంత మందానికి బిగుసుకోదు, అది 1, 1.2 మి.మీ. రేకు కోసం చేసింది. అల్యూమినియమే కావాలంటే 5052 గ్రేడు అడగండి. 6061 గట్టిదే కానీ పదునుగా మడిస్తే మడత దగ్గర చీలుతుంది. 1.2 రేకు అంత పెద్ద ట్రేకి వట్టిగా ఉంటే ఊగుతుంది, కాబట్టి నాలుగు అంచులూ 12 మి.మీ. కిందికి మడిపించండి. ఆ మడతే దాని వెన్నెముక.

స్టాండాఫ్‌ల కోసం రేకులోనే మర కోయిద్దామని చూడకండి. ఎం3 మర అంటే చుట్టుకు 0.5 మి.మీ., 1.2 రేకులో రెండున్నర చుట్లు కూడా రావు. రెండోసారి బిగించేసరికి ఊడిపోతుంది. వెనక నట్టు వేసే ఇత్తడి స్టాండాఫ్‌లు వాడండి, లేదా రేకులోకి నొక్కే క్లించ్ నట్లు వేయించండి. నట్టు రకం అయితే ట్రే కింద వేలు దూరేంత చోటు ఉండాలి, అది డ్రాయింగులో మర్చిపోకండి.

వెనక గోడకు ఒక సులువు దారి ఉంది, నేను ఇప్పటికీ ఇదే చేస్తాను. ఐ/ఓ రంధ్రం 158.75×44.45 మి.మీ., కార్డు స్లాట్ల మధ్య దూరం 20.32 మి.మీ., వాటికీ స్టాండాఫ్‌లకీ మధ్య దూరం అర మిల్లీమీటరు తప్పినా కార్డు స్లాటులో వంకరగా దిగుతుంది. కొత్తగా కోయించే బదులు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ వైపు రిపేరు షాపుల్లో అడిగి పాత ఏటీఎక్స్ క్యాబినెట్ ఒకటి తెచ్చుకోండి. దాని వెనక గోడలో ఐ/ఓ, స్లాట్ల భాగాన్ని ట్రే ముక్కతో సహా గ్రైండరుతో కోసి, మీ పెట్టెకు 3.2 మి.మీ. పాప్ రివెట్లతో బిగించండి. ఐ/ఓ వైపు కొలతల బాధ ఆ ముక్కతో తీరిపోతుంది. ముందువైపు రంధ్రాలు మాత్రమే మీరు చూసుకోవాలి. ఆ ముక్కలో మీ బోర్డుకు అక్కరలేని స్టాండాఫ్ ఉంటే విప్పేయండి. రేకులోనే గుబ్బలా పొడుచుకొచ్చిన రకమైతే కోసేయండి.

ముందు గోడ జాలీ సంగతి చాలామంది పట్టించుకోరు, గాలి అంతా ఆగేది మాత్రం అక్కడే. గుండ్రటి రంధ్రాలు తేనెపట్టు వరసలో ఉంటే తెరిచి ఉన్న శాతం ఎంతో ఇలా లెక్కేయండి: రంధ్రం వ్యాసాన్ని, పక్క రంధ్రం మధ్యకు ఉన్న దూరంతో భాగించి, వర్గం చేసి, 90.7తో గుణించాలి. 3 మి.మీ. రంధ్రాలు 5 దూరంలో ఉంటే 33 శాతమే తెరుచుకుంటుంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా గోడతో సమానం. 5 మి.మీ. రంధ్రాలు 6 దూరంలో ఉంటే 63 శాతం. అంతకు తగ్గకండి. లేజర్ వాళ్ళు కోత పొడవును, ఎన్నిసార్లు గుచ్చాలో దాన్ని బట్టి ధర కడతారు, వేల రంధ్రాలు కోయిస్తే పెట్టె ధరంతా జాలీకే అవుతుంది. రాణిగంజ్‌లో రెడీమేడ్ జాలీ షీటు కొని వెనక నుంచి రివెట్ చేయండి. దాని ముందు కడుక్కోగలిగే నైలాన్ ఫిల్టరు పెట్టండి. లోపలికి ఊదే గాలి బయటికి లాగే గాలి కంటే కాస్త ఎక్కువుండాలి, అప్పుడు సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు. పై అంతస్తైనా కూకట్‌పల్లి దుమ్ముకు మూడు వారాలకోసారి కడగక తప్పదు.

డ్రాయింగు డీఎక్స్ఎఫ్‌లో (లేజర్ వాళ్ళు వాడే ఫైలు రకం), మిల్లీమీటర్లలో, ఒకటికి ఒకటి సైజులో ఇవ్వండి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ఎక్కడైనా లేజర్, బెండింగ్ చేసేవాళ్ళు దొరుకుతారు. 1.2 రేకుకు ఒక్కో 90 డిగ్రీల మడతకు బయటి కొలతల మొత్తంలోంచి సుమారు 2 మి.మీ. తగ్గించాలి. సరైన అంకె వాళ్ళ డైని బట్టి మారుతుంది, డ్రాయింగు గీసే ముందే అడగండి. మడత గీతకు 4 మి.మీ. లోపల ఏ రంధ్రమూ పెట్టకండి, మడిచేటప్పుడు కోడిగుడ్డులా సాగుతుంది.

ఇంకోటి. నేను డ్రాయింగు ఇచ్చి వచ్చేసిన ఒక పెట్టెను వర్క్‌షాపులో అద్దంలో బొమ్మలా తిప్పి మడిచారు. ఐ/ఓ రంధ్రం కుడివైపు రావాల్సింది ఎడమకు వచ్చింది. మడత ఎటో గీతల మీద నేను రాయలేదు, వాళ్ళు ఫోన్ చేసి అడగలేదు. మొత్తం రేకు పోయింది. అప్పటి నుంచి బెండింగ్ రోజున నేనే వెళ్ళి నిలబడుతున్నాను. మొన్న బాలానగర్‌లో మిషను మీదున్న కుర్రాడు రేకు పట్టుకుని అడిగాడు: "అన్నా, ఈ గీత పైకి మడవాల్నా, కిందికి మడవాల్నా?" నేను జేబులోంచి అట్ట మోడల్ తీసి చేతికిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని ఎనిమిది మడతలూ మళ్ళీ అడక్కుండా వేసేశాడు. పాత డబ్బా అట్టతో నాలుగో వంతు సైజులో మడిచిన ఆ బొమ్మకు నాకు గంట పట్టింది.

పౌడర్ కోటింగ్‌కు ఇచ్చేముందు స్టాండాఫ్ చోట్లు, ఎస్ఎంపీఎస్ బోల్టుల చోట్లు, మూత తాకే అంచు, ఇవి టేపు వేసి దాచమని చెప్పండి. ఆ పూత కరెంటును పోనివ్వదు. పూతంతా అయ్యాక మల్టీమీటరు ఒక కొన మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్నుకు, ఇంకో కొన ట్రేకి పెట్టి చూడండి. ఒక ఓమ్ లోపల రావాలి. రాకపోతే బోర్డు బిగించకండి. మెటల్ పెట్టెకు ఎర్తు లేకపోవడం మనిషికే ప్రమాదం. గోడలోని సాకెట్టుకు నిజంగా ఎర్తు ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, పాత అపార్ట్‌మెంట్లలో మూడో రంధ్రం ఖాళీగా ఉండటం నేను చూశాను.

ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు ప్రాసెసర్ పవర్ కోసం 8 పిన్నుల కనెక్టర్లు రెండు ఉన్నవే తీసుకోండి, మీ బోర్డుకు రెండూ కావాలి. గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల వైరు అక్కడ గుచ్చే ప్రయత్నం చేయొద్దు. దాంట్లో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి. ఎస్ఎంపీఎస్ ఒక పక్కన, ప్రాసెసర్ పవర్ కనెక్టర్లు బోర్డుకు అవతలి మూల ఉంటే కేబుల్ పొడవు దారంతో కొలిచి చూసుకోండి.

అన్నీ కుదిరాక మొదటి రాత్రి ఒక వింత జరగొచ్చు: ఫ్యాన్లు ఉన్నట్టుండి హోరుమని, మళ్ళీ తగ్గి, అర నిమిషానికి మళ్ళీ హోరుమంటాయి. సర్వర్ బోర్డు మీద ఫ్యాన్లను, సెన్సర్లను చూసుకునే బీఎంసీ చిప్పు వేగంగా తిరిగే ఫ్యాన్లకు అలవాటు పడింది. మీ 140 ఫ్యాను 400 ఆర్‌పీఎంకు దిగితే అది ఆగిపోయిందనుకుని అన్నిటినీ పూర్తి స్పీడుకు తోస్తుంది. ఐపీఎంఐటూల్ అనే కమాండ్ ప్రోగ్రాముతో ఆ ఫ్యాను కనిష్ఠ హద్దులను మీ ఫ్యాను అతి తక్కువ స్పీడు కంటే కిందికి దించండి, ఆ హోరు ఆగిపోతుంది. మీ బోర్డు ఏ కంపెనీదో, మాన్యువల్లో ఫ్యాను సెన్సర్ల పేర్లు ఏమున్నాయో రాస్తే కమాండ్ రాసి పెడతాను. దానికంటే ముందు అసలు సైజులో అట్ట మోడల్ చేసి, లోపల కూలర్ల చోట 158 మి.మీ. ఎత్తున్న డబ్బాలు రెండు పెట్టి, పక్క నుంచి ఒక ఫోటో తీసి పంపండి. గాలి దారి దాంట్లోనే చూసి చెప్పొచ్చు.